తలంబ్రాల చెట్టుకు పట్టా ఎప్పుడు?

కవ్వాల్ అడవిలో పోడు పంచాయితీ ఇప్పట్లో తెగేది కాదు గానీ, ఒక్క దరఖాస్తుదారు విషయంలో మాత్రం సర్కారు చేస్తున్న జాప్యం అన్యాయం. ఆ దరఖాస్తుదారు లాంటానా. తలంబ్రాల చెట్టంటారే, అదే. కొన్నిచోట్ల పులికంప అని కూడా పిలుస్తారు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పట్టాల పంపిణీ మొదలైనప్పుడు కూడా దీని పేరు పిలిచినవాళ్లు లేరు.

అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనులైతే 2005 డిసెంబరు 13కు ముందు నుంచే భూమి మీద ఉండాలి. గిరిజనేతరులైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవిని నమ్ముకున్నట్టు రుజువు చూపాలి. లాంటానా గిరిజనం కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చిన వలసజీవి. అయితేనేం? పూలు బాగున్నాయని ఇంగ్లీషు దొరలు 19వ శతాబ్దం మొదట్లోనే కలకత్తా తోటలో దించారు. 75 అడిగితే 200 చూపిస్తుంది. సాక్షులు కావాలా? జన్నారం దగ్గర రోడ్డు దిగి పది అడుగులు లోపలికి నడవండి. చొక్కా పట్టుకుని మరీ సాక్ష్యం చెబుతుంది.

సాగు సంగతా! ఒకే గుత్తిలో పసుపు, గులాబీ పూలు, పక్కనే మిరియాల్లా నల్లటి పండ్లు. పిట్టలు ఆ పండ్లు తిని గింజల్ని ఇంకో గుట్ట మీద వేసి వస్తాయి. కబ్జాకు మనుషుల్ని పెట్టుకునే ఖర్చూ లేదు. ఆకు నలిపితే ముక్కు పగిలే ఘాటు. పశువు తిన్నదంటే కాలేయం చెడి, ఎండ తగిలినచోటల్లా తోలు ఊడుతుంది. దుప్పి మూతి పెట్టదు. దాని కింద గడ్డి రాదు, ఇప్ప మొలక తల ఎత్తదు. గడ్డి లేక దుప్పి చేలమీద పడితే, తడోబా నుంచి వచ్చిన పులి ఏం తిని ఉంటుంది? 1965 నాటి అభయారణ్యాన్ని 2012లో టైగర్ రిజర్వ్ చేశాం. పులి నిలవకపోయినా పులికంప నిలిచింది. సగం పని అయినట్టే.

పులికి చోటు కావాలని 2024లో రాంపూర్, మైసంపేట వాళ్లను మద్దిపడగకు తరలించారు. వాళ్లు సామాను సర్దుకున్నారు. లాంటానాకు నోటీసు అందినట్టు లేదు. కొట్టేస్తున్నారు లెండి, కాదనను. వేరు మిగిలితే చాలు, వానకు మళ్లీ చిగురేసి నిలబడుతుంది. స్టే తెచ్చుకున్నట్టే.

దాని చుట్టాలకు ఈ తిప్పలు లేవు. తుమ్మకు ఇంటిపేరే సర్కారు. కాంగ్రెస్ గడ్డి ఏ పార్టీ ప్రభుత్వంలోనైనా మొలుస్తుంది, పార్టీ మారాల్సిన అవసరం దానికింకా రాలేదు. పాపం కోనోకార్పస్ ఒక్కటే, హరితహారంలో దండేసి తెచ్చినవాళ్లే తర్వాత వద్దు పొమ్మన్నారు.

జన్నారంలో ఒక తాతకు ఈ పట్టా సంగతి చెప్పాను. నవ్వలేదు.

"దానికి కాయితమెందుకు సారూ? కాయితం అడిగేది మమ్ములనే గద."

అయినా పద్ధతి పద్ధతే. దరఖాస్తు నేనే నింపాను. వేలిముద్ర ఒక్కటే తక్కువ. అది నా మోచేతి మీద ఉంది, అధికారులు వస్తే జిరాక్స్ తీసుకోవచ్చు.