పుణ్యాత్ములారా, చిప్స్ తెచ్చారా?

అలిపిరి మెట్ల దారిలో ఆయాసం తీర్చుకుంటున్న భక్తుడికి కంచె అవతల చుక్కల దుప్పి కనిపిస్తే చాలు, లోపలి కర్ణుడు నిద్రలేస్తాడు. "అయ్యో, ఎంత బక్కచిక్కిందో!" ఎండాకాలంలో దుప్పి చిక్కుతుంది, వానలు పడి లేతగడ్డి మొలిస్తే కండ పట్టుకుంటుంది. అంతవరకు ఆగే తీరిక మనవాడికేదీ? ఒక చేతిలో మసాలా చిప్స్, ఇంకో చేతిలో ఫోను.

దుప్పి పొట్టకు నాలుగు అరలు. మొదటి అరలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఆకూ గడ్డీ పులియబెడితేనే దానికి ఒంటబడుతుంది. పీచుకు అలవాటుపడ్డ వాటి మీద ఒక్కసారిగా బ్రెడ్డూ బిస్కట్లూ అన్నమూ గుమ్మరిస్తే పులుపు ముదిరి, కడుపు ఉబ్బి, దుప్పి మేత మానేసి కూలబడుతుంది. గింజల బస్తాలో మూతి పెట్టిన గేదె గతి ఏమిటో పాడి రైతును అడగండి. అతను రీల్స్ చేయడు కాబట్టి అడగరనుకోండి.

ఉబ్బిన పొట్ట చూసి "బాగా బలిసింది" అని తేల్చే నిపుణులూ ఉన్నారు. పొట్ట కాదండీ, వెనక్కి వెళ్లి తుంటి చూడాలి. తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయా, వెన్నుపూస తేలిందా, పక్కటెముకలు లెక్కకు అందుతున్నాయా? పొట్టలో ఉన్నది మేతేనన్న హామీ లేదు మరి. ఉప్పూ నూనే అంటిన కవరు దుప్పికి తిండిలాగే ఉంటుంది. మింగాక అది అరగదు, కిందికి దిగదు. ముద్దకట్టి మేతకు చోటు లేకుండా చేస్తుంది. నిండు కడుపుతో ఆకలిచావు! ఇంతటి వరం మన దాతలు తప్ప ఎవరివ్వగలరు? జపాన్‌లోని నారాలో జింకలు దేవుడి దూతలు. 2019లో అక్కడ చనిపోయిన 14 జింకలను పరీక్షిస్తే 9 కడుపుల్లో ప్లాస్టిక్, ఒకదాంట్లో ఏకంగా 4.3 కిలోలు. దూతల చేత దేవుడికి భక్తులు పంపిన కానుక.

మగ దుప్పి పాత కొమ్ములు రాల్చి కొత్తవి పెంచుకోవాలి. దానికి సున్నం, భాస్వరం కావాలి. మేతలో చాలకపోతే సొంత ఎముకల్లోంచి అప్పు తీస్తుంది, దొరికిన ఎముకలు కొరుకుతుంది. చిప్స్ పొట్లం తిరగేసి చూడండి, ఆ అప్పు తీరే దారి ఏమన్నా రాశారేమో.

అడవిలో దానికి వడ్డించేవాళ్లు లేకపోలేదు. కొండముచ్చులు సగం కొరికి పడేసిన చిగుళ్లూ కాయలూ చెట్టు కింద దుప్పులకు విందు. చిరుత వస్తే పైనుంచి అరిచి చెబుతాయి కూడా. మన అన్నదానంలో ఆ రెండో సదుపాయం లేదు. తిండి దారి పక్కన దొరికితే దుప్పి అక్కడికే చేరుతుంది, దుప్పి ఉన్నచోటికి చిరుతా వస్తుంది. 2023 ఆగస్టులో అదే నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను చంపేసింది. ఆ తర్వాతే జంతువులకు తిండి పెట్టొద్దని టీటీడీ ఆంక్షలు పెట్టింది.

"ఒక్క బిస్కట్టే కదండీ" అనే ధర్మాత్ములకు ఇంకో మార్గం ఉంది. ఖాళీ కవరు జేబులో పెట్టుకుని కొండ దిగండి. ఫొటోలో పడదు, అదొక్కటే ఇబ్బంది.