తూర్పు హద్దు

నేను 1986లో, అక్షయ నామ సంవత్సరం శ్రావణ మాసంలో, తెనాలిలో ఒక దస్తావేజు లేఖరి బల్ల మీద పుట్టాను. శుద్ధ విక్రయ దస్తావేజు అంటారు నన్ను. ఊరి చివర 200 గజాల ఖాళీ స్థలాన్ని 18,000 రూపాయలకి ఒక రైతు ఒక బడిపంతులుగారికి అమ్ముతూ రాయించిన కాగితాన్ని. రైతుకి సంతకం రాదు. ఎడమచేతి బొటనవేలి ముద్ర వేశాడు. నా మీద ఫొటోలు లేవు. దస్తావేజుల మీద అమ్మేవారి, కొనేవారి ఫొటోలు ఉండాలన్న నిబంధన 2001లో చట్టాన్ని సవరించాక వచ్చింది. అందుకని ఆ రైతు ఆనవాలుగా నా దగ్గర మిగిలింది ఆ ముద్ర ఒక్కటే.

అది శ్రావణ శుక్రవారం. లేఖరి చుట్టూ జనం. పొద్దు తిరగకముందే దాఖలు చేయాలని అందరికీ తొందర. "నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగ తేజస్స్వామ్యములతో" అనే పెద్ద మాటలన్నీ ఆయన చేతికి కంఠతా వచ్చు. కలం ఆగకుండా రాసేశాడు. ఏ దస్తావేజుకి ఆ దస్తావేజుగా మనసు పెట్టి రాయాల్సింది చివర వచ్చే షెడ్యూలు ఒక్కటే. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు. అక్కడ ఆయన చెయ్యి తడబడింది. తూర్పున పక్కవాళ్ళ స్థలం, పడమర ఇరవై అడుగుల బజారు అని రాశాడు. నిజానికి బజారు తూర్పున ఉంది.

చదివి వినిపించాడు. రైతు తలూపాడు. వేలమంది పిల్లల కాపీ పుస్తకాల్లో తప్పులు దిద్దిన మాస్టారు కూడా ఆ పూట నన్ను దిద్దలేదు. స్థలం చూసి, డబ్బు కూడబెట్టి, బస్సెక్కి వచ్చిన మనిషి. విస్తీర్ణం సరిగ్గా ఉందా, పేరు సరిగ్గా ఉందా అని చూసుకున్నారు. దిక్కు తప్పుతుందని ఆయనకి తోచలేదు.

ఆ రోజుల్లో దాఖలైన ప్రతి దస్తావేజునీ గుమాస్తాలు పెద్ద వాల్యూముల్లోకి చేత్తో ఎక్కించేవారు. కంప్యూటర్లతో నడిచే కార్డ్ పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో మొదలైంది. ఉన్నదున్నట్టు రాయడమే గుమాస్తా పని. నా తప్పుని ఆయన పొల్లు పోకుండా వాల్యూములోకి ఎక్కించాడు. ఇక అప్పటినుంచి అది ప్రభుత్వ రికార్డు.

తర్వాతి ఏళ్ళు ట్రంకుపెట్టెలో గడిచాయి. మాస్టారి పట్టుచొక్కా, పిల్లల జాతకాలు, ఎల్ఐసీ బాండ్లు, నాఫ్తలీన్ ఉండలు, నేను. 1991లో ఇల్లు లేచింది. బజారు తూర్పున ఉంది కాబట్టి సింహద్వారం తూర్పుకే పెట్టారు. ఇంట్లోవాళ్ళు రోజూ పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా తలుపు తీస్తుంటే, నేను లోపల పెట్టెలో పడమర బజారు అని పట్టుకుని కూర్చున్నాను. అమ్మాయి పైచదువు కోసం 2012లో నన్ను బ్యాంకులో తాకట్టు పెట్టారు. 2020లో అప్పు తీరింది. తీరిన మూడు నెలలకి గానీ నన్ను వెనక్కి ఇవ్వలేదు. 2023 డిసెంబరు 1 తర్వాత విడుదలయ్యే దస్తావేజులకి రిజర్వు బ్యాంకు నియమం ఉంది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా అసలు కాగితాలు ఇచ్చేయాలి, ఆలస్యం బ్యాంకుదైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున చెల్లించాలి. నా వేళకి అది లేదు. అప్పు తీరిన మరుసటి ఏడు మాస్టారు పోయారు. ఆ పెద్ద ఇంట్లో అమ్మగారు ఒక్కరే మిగిలారు.

2024 కార్తీకంలో ఇల్లు బేరానికి పెట్టారు. 62 లక్షలకి కుదిరింది. బయానా ఐదు లక్షలు, గడువు రెండు నెలలు. కొనేది భార్యాభర్తలు, ఇద్దరూ ఉద్యోగస్థులు. అద్దెకున్న ఇంటిని ఖాళీ చేస్తామని అప్పుడే చెప్పేశారు కూడా. నన్ను పెట్టెలోంచి తీసి నాలుగు సెట్లు జిరాక్స్ తీశారు. ఒక్కరూ చదవలేదు. చేతులు మారిన ఆ పది నిమిషాల్లో ఎవరో ఒకరు నన్ను పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఒక్కసారి చుట్టూ చూసి ఉంటే, తర్వాత పడ్డ యాతన చాలావరకు తప్పేది. ఇల్లు అమ్ముదామనుకున్న రోజునే, బయానాకి ముందే, దస్తావేజుని స్థలంలో నిలబడి చదవాలి. నా బతుకంతా పెట్టి చెబుతున్న మాట ఇది.

చిన్న చిక్కులు ముందు వచ్చాయి. మాస్టారు వీలునామా రాయలేదు కాబట్టి అమ్మగారు, అబ్బాయి, అమ్మాయి ముగ్గురూ సమాన హక్కుదారులు, ముగ్గురూ సంతకాలు పెట్టాలి. దానికి తహసీల్దారు ఆఫీసునుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీస్తే 2012 నాటి తాకట్టు ఇంకా భారంగానే కనపడింది. అప్పు తీర్చారు గానీ తాకట్టు రద్దు రిజిస్టరు చేయించుకోలేదు. అబ్బాయి నాలుగుసార్లు బ్యాంకు చుట్టూ తిరిగి అది చేయించాడు. అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది, సంక్రాంతికి ఎటూ వస్తోంది, పవరాఫ్ అటార్నీ అక్కర్లేదనుకున్నారు. అంతలో ఆడిటరు ఇంకో మాట చెప్పాడు. ధర 50 లక్షలు దాటితే కొనేవారు ఒక శాతం టీడీఎస్ పట్టుకుని కడితే సరిపోయేది ఇక్కడుండేవారి వాటాకే. విదేశంలో ఉండేవారి వాటాకి లెక్క వేరు, పట్టుకునే శాతం చాలా ఎక్కువ, దానికి కొనేవారు టాన్ నంబరు కూడా తీసుకోవాలి. అది కూడా తీసుకున్నారు.

ముక్కోటి ఏకాదశి, 2025 జనవరి 10, శుక్రవారం రిజిస్ట్రేషన్ అనుకున్నారు. మంగళవారం సాయంత్రం అబ్బాయికి ఫోను వచ్చింది. కొనేవారి బ్యాంకు పంపిన ఇంజనీరు ఇల్లు చూసి, తూర్పున బజారు అని రిపోర్టు రాశాడు. బ్యాంకు వకీలు నన్ను చదివి, పడమర బజారు అని రాశాడు. రెండూ ఒకే ఫైలులో చేరాయి. లోను ఆగిపోయింది.

"అంత చిన్న తప్పుకా?" అన్నాడు అబ్బాయి. నాకు మాట ఉంటే, చిన్నది కాదు నాయనా అని చెప్పేదాన్ని. విస్తీర్ణం ఒకలా, హద్దులు ఇంకోలా ఉన్నప్పుడు కోర్టులు మామూలుగా హద్దులకే విలువిస్తాయి. గజాల అంకె నేలని చూపించలేదు, హద్దులే చూపిస్తాయి. నా హద్దులు పట్టుకుని వెతికితే దొరికేది బజారుకి అటుపక్కనున్న ఎవరిదో స్థలం. వకీలు పట్టుబట్టడంలో అన్యాయం లేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో నన్ను మనసుపెట్టి చదివిన మొదటి మనిషి ఆయన.

రిజిస్టరైన కాగితం మీద ఒక్క అక్షరం కొట్టివేయడానికి ఎవరికీ వీల్లేదు. సవరణ దస్తావేజు రాయాలి. అది నన్ను రాసిచ్చినవాళ్ళే రాసివ్వాలి, వాళ్ళు లేకపోతే వాళ్ళ వారసులు. ఆ రైతు పోయి ఇరవయ్యేళ్ళు దాటింది, ఆయన భార్యా లేదు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దాయన ఊళ్ళోనే వ్యవసాయం, రెండో ఆయన బెంగుళూరు, ఆడబిడ్డ ఒంగోలు. ముగ్గురూ రావాలి.

ఆ వారం ఆ ఇంట్లో నేను విన్న మాటలు చెప్పడం కష్టంగా ఉంది. కొనేవాళ్ళు అద్దె ఇంటిని నెలాఖరుకి వదలాలి, అందులోకి దిగేవాళ్ళు పాలు పొంగించుకోవడానికి ముహూర్తం పెట్టుకున్నారు. ఫోన్లో గొంతు పెరిగింది, బయానా వెనక్కి అనే మాట కూడా వచ్చింది. అబ్బాయి విసిగి, "నాన్న చూసుకోవాల్సింది" అన్నాడు. అమ్మగారు వంటింట్లోంచి వచ్చి నన్ను బల్ల మీదనుంచి తీసుకుని, చీర కొంగుతో దుమ్ము తుడిచి, మళ్ళీ కవరులో పెట్టారు. ఏమీ అనలేదు.

అబ్బాయి భోగి ముందురోజు రైతు ఇంటికి వెళ్ళాడు. పెద్దాయన సంతకం పెట్టనన్నాడు. "మా నాయన అమ్మేసిన స్థలానికి ఇప్పుడు మా సంతకం ఎందుకు? సంతకమంటూ పెట్టాక మీరు దాని మీద ఏం రాసుకుంటారో మాకేం తెలుసు?" ఆ అనుమానాన్ని నేను తప్పు పట్టను. సంతకం పెట్టి భూమి పోగొట్టుకున్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ఉన్నారు. ఆయనకి మధ్యలో ఎవరో చెవిలో వేశారు కూడా, మీరు లేందే వాళ్ళ పని జరగదు, రెండు లక్షలు అడగమని. అలా చెప్పినవాడిని మాత్రం నేను క్షమించలేను.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. ముక్కనుమ నాడు అమ్మగారు తానే బయల్దేరారు. పక్కన కూతురు, చేతిసంచిలో నేను. వాకిట్లో ముగ్గు మీద గొబ్బెమ్మలు ఇంకా ఉన్నాయి. పండక్కి బెంగుళూరు తమ్ముడు, ఒంగోలు చెల్లెలు దిగి ఉన్నారు. అమ్మగారు అరుగు మీద కూర్చుని, నన్ను తీసి పెద్దాయన చేతికే ఇచ్చారు. జిరాక్స్ కాదు, నన్నే. "ఎవరిచేతైనా చదివించుకోండి బాబూ. మొత్తం చదవండి. ఆ తర్వాత మీ ఇష్టం."

ఇంటర్ చదువుతున్న ఆయన మనవరాలు చదివింది. అష్టభోగాల దగ్గర ఆగి ఆగి కూడబలుక్కుంది. పెద్దాయన వింటున్నాడు గానీ మొహం బిగించే ఉంది. అప్పుడు ఆ పిల్ల ఈ వాక్యం దగ్గరికి వచ్చింది: "నా కుమార్తె వివాహ ఖర్చుల నిమిత్తము నాకు సొమ్ము అవసరమై."

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఒంగోలు ఆవిడ చేతులు ఆగాయి. "మళ్ళీ చదువమ్మా." పిల్ల మళ్ళీ చదివింది.

"నా పెళ్ళికి గేదెల్ని అమ్మారనుకున్నా ఇన్నాళ్ళూ. ఈ స్థలమా అన్నయ్యా?"

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. "నీకు చెప్పొద్దన్నాడు నాయన," అన్నాడు చివరికి.

ఆవిడ తడి చేతులు తుడుచుకుని నన్ను అడిగి తీసుకుంది. వేలిముద్ర ఎక్కడుందో మనవరాలు చూపించింది. సిరా గోధుమరంగుకి తిరిగింది గానీ గీతలు అలాగే ఉన్నాయి. వాటి మీద తన బొటనవేలు ఆనించలేదు. దగ్గరగా పెట్టుకుని చూసింది అంతే. తర్వాత మా అమ్మగారితో, "ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తాను వదినా" అంది.

అదే కాగితంలో, అదే చేత్తో, అదే పూట లేఖరి ఒక మాట తప్పు రాశాడు, ఒక మాట ఒప్పు రాశాడు. ఆ తప్పు వాళ్ళని మా గుమ్మానికి దూరంగా నిలబెడితే ఈ ఒప్పు దగ్గరికి తెచ్చింది. పెద్దాయన అప్పటికీ జాగ్రత్త వదల్లేదు. "రాసిన కాగితం ముందు మాకివ్వండి. మా వకీలుకి చూపించుకుని పెడతాం," అన్నాడు. అలాగే చేశారు. దారి ఖర్చులకి తప్ప ఒక్క రూపాయి అడగలేదు. బెంగుళూరు తమ్ముడు సెలవు పొడిగించుకున్నాడు. జనవరి 23న సవరణ దస్తావేజు రిజిస్టరైంది. నాలుగు పేజీలు. ఈసారి షెడ్యూలుని ఆరుగురు చదివారు.

ఇక రోజులు లెక్కపెట్టుకున్నారు. 26 ఆదివారం, రిపబ్లిక్ డే. వకీలు మళ్ళీ చూసి అభిప్రాయం రాయాలి. 29 పుష్య అమావాస్య, ఆ రోజు వద్దన్నారు. ఫిబ్రవరి 1నుంచి రాష్ట్రంలో భూముల మార్కెట్ విలువలు పెరుగుతున్నాయని తెలిసి, ఆ లోపే ముగించుకోవాలని జనం రిజిస్ట్రేషన్ ఆఫీసుల మీద పడ్డారు. మావాళ్ళు పూర్తి ధరకే రాసుకున్నారు, ఏడున్నర శాతం చొప్పున 4,65,000 కట్టేశారు, కాబట్టి ఆ పెంపు తగల్లేదు. రద్దీ మాత్రం తగిలింది. 31 శుక్రవారం పొద్దున పదింటికి వెళ్ళినవాళ్ళకి రాత్రి ఏడు దాటాక పిలుపొచ్చింది. అమ్మాయి డల్లాస్ విమానం 2వ తేదీన. అమ్మగారి వేలి గీతలు అరిగిపోయి యంత్రం మూడుసార్లు తీసుకోలేదు. నాలుగోసారి తీసుకుంది. డీడీలు చేతులు మారాయి. నన్నూ, నాతో కుట్టిన నాలుగు పేజీలనీ బ్యాంకు ఆయన కవరులో పెట్టుకున్నాడు. ఇప్పుడు నేను ఆ బ్యాంకు ఇనుప అలమరలో ఉన్నాను.

ఆ రోజు పొద్దున ఆఫీసుకి బయల్దేరే ముందు జరిగింది చెప్పలేదు. కొన్నావిడ ఇంటికి వచ్చి, "ఒక్కసారి ఇవ్వండి అత్తయ్యగారూ" అని నన్నూ సవరణనీ అడిగి తీసుకుంది. గేటు దగ్గర నిలబడి పైకి చదివింది. "తూర్పు, ఇరవై అడుగుల బజారు." తలెత్తి చూసింది. ఎండ మొహాన పడి కళ్ళు చికిలించుకుంది. పడమర చదువుకుంటూ ఇంటి వెనక్కి నడిచింది, అక్కడ పక్కవాళ్ళ ప్రహరీ మీద చెయ్యి వేసి చూసుకుంది. అమ్మగారు తాళంచెవులు పట్టుకుని వెనకాలే వెళ్ళారు.

"ఉత్తరం గోడ మనం కట్టించిందేనమ్మా," అన్నారు. "దక్షిణం గోడ వాళ్ళది. దానికి మేకు కొట్టాలంటే వాళ్ళని ఒక మాట అడగాలి."

ఆ సంగతి నాలో ఎక్కడా రాసి లేదు.