వాన వెలిశాక ఆడేవాళ్లం

ఈమధ్య మా కోనసీమ పల్లెల్లో క్రికెట్ చూస్తుంటే కడుపు మండిపోతోంది. నాలుగు చినుకులు పడితే చాలు, ఆట అయిపోయినట్టే. ఆటగాళ్లు కిట్లు బైకులకు కట్టేసుకుంటారు. స్కోరు ఎక్కించే కుర్రాడు ఫోను చూసి గెలిచిందెవరో చెప్పేస్తాడు. మైకులో అనౌన్సు చేసి కప్పు చేతిలో పెట్టేస్తారు, ఇంకా సగం బంతులు వేయాల్సి ఉండగానే! వాన వెలిసి ఎండ కాసేసరికి చేలో పురుగు కూడా ఉండదు.

మా రోజుల్లో వాన ఆటని ఆపేదే గాని ముగించేది కాదు.

1970ల్లో మాకు గ్రౌండంటూ ఎక్కడుంది? దాళ్వా కోతలయ్యాక ఏ ఆసామి ఒప్పుకుంటే ఆయన చేలోనే ఆట. మోళ్లు చెక్కి, పిచ్ వేసేచోట మట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి చదును చేసేవాళ్లం. దాని మీద కొబ్బరిపీచు మ్యాటు పరిచి, బిగలాగి, చుట్టూ మేకులు దిగ్గొట్టేవాళ్లం. జట్లన్నీ ఒకదానితో ఒకటి ఆడి ఫైనల్‌కి వచ్చేసరికి రోహిణి కార్తె వెళ్లి మృగశిర వచ్చేసేది. మా ఫైనల్‌కీ తొలకరికీ ఏదో మేనరికం ఉన్నట్టే ఉండేది.

మబ్బు కమ్మగానే ఎవరూ చెట్టు కిందికి పరిగెత్తేవాళ్లు కాదు. ముందు మేకులు పీకాలి, మ్యాటు చుట్టాలి, పిచ్ మీద బరకం కప్పాలి. ఆ బరకం రైసు మిల్లు వాళ్లది. కళ్లంలో ఆరబోసిన ధాన్యం మీద కప్పగా మిగిలితేనే మాకిచ్చేవారు, అదీ న్యాయమే. మిగలకపోతే తాటాకులే గతి. ఇందులో మా జట్టు, అవతలి జట్టు అనే తేడా లేదు. అప్పటిదాకా బౌన్సర్లు వేసినవాడూ, అవి వంటికి తగిలించుకున్నవాడూ చెరో చివరా పట్టుకుని మ్యాటు మోసేవాళ్లు.

వాన వెలిశాక అసలు పని మొదలయ్యేది. గట్టుకు గండి కొట్టి నీళ్లు బోదెలోకి వదలాలి. గుంటల్లో నిలిచిన నీళ్లని గోనెసంచులతో అద్ది, పిండి, మళ్లీ అద్దాలి. బౌలరు పరిగెత్తే దారిలో మిల్లునుంచి తెచ్చిన ఊక చల్లాలి, పైన పొడి ఇసుక జల్లాలి. నల్లమట్టి పాదాలకు పట్టిందంటే ఓ పట్టాన వదలదు. అయినా చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్లు కూడా పంచెలు ఎగ్గట్టి దిగేవారు. గంటన్నర ఆ పని చేసి, పట్టుమని అరగంట ఆడిన సాయంత్రాలున్నాయి. ఎవరూ దండగ అనుకోలేదు.

చీకటి పడితే? స్కోరు పుస్తకంలో ఓవరు ఏ బంతి దగ్గర ఆగిందో, స్ట్రైకులో ఎవరున్నారో రాసి, ఇద్దరు కెప్టెన్లూ సంతకాలు పెట్టేవారు. పొరుగూరి జట్టు పడవ దాటి వెళ్లిపోయి, మర్నాడు పొద్దున్నే మళ్లీ దాటి వచ్చేది. సరిగ్గా ఆ బంతి నుంచే మొదలు.

ఇక ఆ తడిసిన పిచ్ మీద ఆట! మ్యాటు కింద మట్టి మెత్తబడితే బంతి ఆగి వచ్చేది, ఒకటి మోకాలెత్తున, ఇంకోటి గడ్డం కింద. తొందరపడి ముందుకు ఊపినవాడు గాల్లోకి లేపి దొరికిపోయేవాడు. బంతి వచ్చేదాకా ఆగి, వెనక్కి జరిగి, చేతులు సడలించి ఆడినవాడు నిలిచేవాడు. పొడి పిచ్ మీద ఎవరూ లెక్కచేయని స్లో బౌలరు ఆరోజు రాజు. ఆ విద్య ఇప్పుడు ఎవరికి అబ్బుతుంది? తడి పిచ్ మీద ఒక్క బంతైనా ఆడితే కదా!

పోనీ, ఆ ఫోను చెప్పే లెక్కైనా సరైనదా అంటే, అదీ కాదు. మొన్న ఒక కుర్రాడు నాతో వాదించాడు: ‘‘తాతగారూ, రన్‌రేట్ ప్రకారం వాళ్లే గెలిచారండీ!’’ మొదటి జట్టు 12 ఓవర్లలో 100 కొట్టిందనుకోండి. రెండోది 5 ఓవర్లలో 45 కొట్టి 6 వికెట్లు పోగొట్టుకుంది, వాన వచ్చింది. ఓవరుకి 9 పరుగులు కాబట్టి అదే గెలిచిందట! గెలవడానికి ఇంకా కావలసిన 56 పరుగులు మిగిలిన నాలుగు వికెట్లతో ఎవరు కొడతారు? పడిపోయిన వికెట్లకు విలువ లేదా? డక్‌వర్త్, లూయిస్ అనే ఇద్దరు ఇంగ్లండువాళ్లు బుర్ర బద్దలుకొట్టుకున్నది ఇందుకే. మిగిలిన ఓవర్లూ, చేతిలో ఉన్న వికెట్లూ రెండూ కలిపి చూడాలన్నారు. 1997 నుంచి అంతర్జాతీయ మ్యాచుల్లో వాళ్ల పద్ధతి వాడుతున్నారు.

అంతకుముందున్న నిబంధన ఎంత అన్యాయమో 1992 వరల్డ్ కప్ సెమీఫైనల్లో లోకమంతా చూసింది. సిడ్నీలో దక్షిణాఫ్రికాకు 13 బంతుల్లో 22 పరుగులు కావాలి. పన్నెండు నిమిషాల వాన. తిరిగి వచ్చేసరికి మిగిలింది ఒక్క బంతి! ఆ జట్టు ముఖాలు తల్చుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

2019లో మాంచెస్టర్లో న్యూజిలాండుతో మన సెమీఫైనల్ చూడండి. వాన ఆపింది. మర్నాడు అదే ఓవరు నుంచి మొదలుపెట్టి పూర్తిచేశారు. 18 పరుగులతో ఓడాం. బాధే, కాని ఆడి ఓడాం. మా చేలల్లో మేము చేసిందీ అదే.

ఒక్క సంగతిలో మాత్రం ఇప్పటివాళ్లే నయం. ఉరుము వినపడగానే చేను ఖాళీ చేస్తున్నారు. ఏటా పిడుగులకు పొలాల్లో ఎందరు పోతున్నారో పేపర్లో చూస్తూనే ఉన్నాం. తాటిచెట్టు కిందా, ఇనుప రేకుల కిందా నిలబడకుండా పక్కా ఇంట్లోకి వెళ్లాలి, ఉరుములు ఆగాక అరగంట పైనే కూర్చోవాలి. ఆ తర్వాత తిరిగి రండి అనే నేను అడిగేది.

రారు. ఎందుకంటే సగంమంది ఆ ఊరివాళ్లు కారు. మ్యాచికింత అని డబ్బిచ్చి పిలిపించుకున్నవాళ్లు, సాయంత్రానికి ఇంకోచోట ఆడాలి. స్థలానికి అద్దె, లైట్లకు అద్దె, మైకుకు అద్దె. రెండో రోజంటే అన్నిటికీ మళ్లీ డబ్బు కట్టాలి. దాంతో వానకు ఎదురు నిలిచేవాడే లేకుండా పోయాడు. ఊరి కుర్రాళ్లు గట్టు మీద కూర్చుని ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. వాళ్లలో బౌలింగు వేయగలవాళ్లున్నారు, నేను చూశాను.

వచ్చే వేసవి టోర్నమెంటు కరపత్రంలో ఒక్క వాక్యం వేయమని కమిటీ వాళ్లని అడిగాను: వాన వస్తే మర్నాడు పొద్దున ఆగిన బంతి నుంచే ఆట. బయటి ఆటగాళ్లు ఒప్పుకోరండీ అన్నారు. అయితే ఊళ్లోవాళ్లనే ఆడించండి అన్నాను. బరకాలకు మిల్లులో నేను చెబుతాను, గోనెసంచులు నేనే తెస్తాను.