అమెరికా ప్యాకింగ్

అమీర్‌పేటలో మైత్రివనం వెనక సందులో మాది పచ్చళ్ల కొట్టు. అమెరికా కాలేజీలు తెరిచే ముందు, అంటే జులైలో, డిసెంబరులో, పచ్చళ్లు అమ్మడం కన్నా జనం ఇంటి నుంచి తెచ్చుకున్నవి ప్యాక్ చేసివ్వడమే మాకు పెద్ద పని.

డిసెంబరులో ఓ మధ్యాహ్నం తెనాలి నుంచి ఒకావిడ వచ్చింది. కొడుకు షికాగోలో ఉన్నాడట. వాడి స్నేహితుడు ఆ రాత్రే విమానమెక్కుతున్నాడు, 23 కిలోల పెట్టెలో నాలుగు కిలోల చోటిచ్చాడు. పంజాగుట్టలో అతని చేతికిచ్చి బస్సెక్కాలని ఆవిడ తొందర. గోంగూర, మాగాయ, నువ్వులపొడి, సున్నుండలు, ఎండుకొబ్బరి చిప్పలు, పచ్చి కరివేపాకు, నాటుకోడి పచ్చడి... ఒక్కోటీ తీసి బల్లమీద పెట్టింది.

"కరివేపాకు అక్కడ రానివ్వరమ్మా, నిమ్మ, నారింజ చెట్లను పాడుచేసే పురుగు దాంతో వస్తుందని. కొబ్బరిచిప్పల్ని ఇక్కడే ఆపేస్తారు, వాటి నూనెకి వేడెక్కి అంటుకుంటాయని. మాంసం పచ్చడి అసలొద్దు."

కరివేపాకు, కొబ్బరి వెంటనే పక్కన పెట్టేసింది. కోడిపచ్చడి సీసా మాత్రం వదల్లేకపోయింది.

"వాడికి ఇదంటే ప్రాణం బాబూ. అడుగున పెట్టి పైన గోంగూర కప్పితే?"

"అధికారి అడిగితే ఏమేం ఉన్నాయో ఉన్నట్టు చెప్పాలమ్మా. చెబితే పోయేది పచ్చడే. దాస్తే జరిమానా, అదీ మోసుకెళ్లిన కుర్రాడికి."

పరాయి బిడ్డకు ఇబ్బంది అనేసరికి మారుమాట లేకుండా సీసా నావైపు జరిపింది. "మీ పిల్లలకు పెట్టండి."

నిమ్స్ ఎదురుగా మందుల షాపులో కొన్న కాల్షియం, డి విటమిన్ మాత్రలు కూడా తెచ్చింది. చలికాలం అక్కడ ఎండ ముఖమే కనపడదని ఎవరో చెప్పారట. స్ట్రిప్పులోంచి తీసి డబ్బాలో పోయబోతుంటే ఆపాను. అట్టపెట్టెతోనే, డాక్టరు చీటీతో సహా పంపమన్నాను.

మిషన్ గాలి లాగేసరికి గోంగూర ఇటుకలా బిగుసుకుంది. దానిమీద ఇంకో కవరు, ఫాయిల్, చుట్టూ టేపు. ఆవిడ అంచులన్నీ వేలితో నొక్కి చూసింది. "అంతదూరం వెళ్లాలి, కారదుగా?" మార్కర్ అడిగి పుచ్చుకుని రాసింది: 'చిన్నోడికి. గోంగూర. నెయ్యి వేసుకో.' ఇంకు ఆరేదాకా ఊదింది. అలా ఊదే తల్లులను చూస్తే ప్యాకింగ్ డబ్బులు తీసుకోవడానికి నాకు చెయ్యి రాదు.

రాత్రి తొమ్మిదింటికి షట్టర్ సగం దించాక వెనక హాస్టల్ కుర్రాడొచ్చాడు. కొన్నాళ్లుగా రోజూ పది రూపాయల కందిపొడి పొట్లం పట్టుకెళ్తుంటాడు. ఆ రోజు కొనలేదు.

"అన్నా, కత్తెర ఇస్తావా? టేపు ఊడట్లేదు" అంటూ ప్యాకెట్ బల్లమీద పెట్టాడు.

చిన్నోడికి. గోంగూర. నెయ్యి వేసుకో.

నేను ఆ అక్షరాలే చూస్తుంటే అతనికి అర్థమైంది.

"చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండనివ్వరన్నా. నావి అయిపోయాయి. పొలం మీద అప్పుంది. ఇక్కడేదైనా ఉద్యోగం దొరికాక చెబుదామని..."

ఏమీ అనలేకపోయాను. లోపలికెళ్లి కోడిపచ్చడి సీసా తెచ్చి చేతిలో పెట్టాను. మూత తీసి వాసన చూస్తుండగానే ఫోన్ మోగింది. సందులో ఆటోవాడు హారన్ కొడుతుంటే గబగబా కొట్టు లోపలికొచ్చి, గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడే లేచానమ్మా. బయటంతా మంచు."