యముడికి చేతినిండా పని

కాళేశ్వరం గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి యముడిది, రెండోది శివుడిది. ముక్తేశ్వరుడైన ఆ శివుడు వచ్చినవాళ్లందరికీ టోకున ముక్తి ఇచ్చేస్తుంటే యముడికి పని లేకుండా పోయిందని స్థలపురాణం. ఆయన మొరపెట్టుకుంటే శివుడు పక్కనే చోటిచ్చి, ముందు కాలుణ్ణి కొలిచాకే తన దగ్గరికి రమ్మన్నాడట. నిరుద్యోగ సమస్యను ఇంత పద్ధతిగా తీర్చిన సర్కారును మళ్లీ చూడలేదు. ఇప్పుడైతే యముడు అంతగా మొరపెట్టుకోనక్కర్లేదు. కిరాణా కొట్టు ముందు ఫ్రిజ్ పక్కన స్టూలేసుకుని కూర్చుంటే చాలు.

ఆ ఫ్రిజ్‌లో మంచినీళ్ల సీసాలు అడుగు అరలో పడుంటాయి. వంగితే గానీ అందవు. చేతికందే అరలో మాత్రం ఎనర్జీ డ్రింకుల ఎర్ర సీసాలు బారులు తీరి ఉంటాయి. ధర ఇరవై రూపాయలు. ఇసుక లారీ డ్రైవరు ఇంజను ఆపకుండానే దిగి రెండు పట్టుకెళతాడు. "ఏం జేయమంటవ్ అన్నా, తెల్లారేసరికి పట్నం జేరాలె. ఇది తాగితే నిద్ర దగ్గరికి రాదు" అంటాడు. నిద్ర రాదు, నిజమే. ఒళ్లు అలిసేకొద్దీ మెదడులో ఎడినోసిన్ అనే పదార్థం పోగుపడి పడుకోమంటుంది. కెఫీన్ వెళ్లి దాని చోట్లో కూర్చుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, అలిసిన సంగతే తెలియకుండా పోతుంది. సంగతి తెలియనివాడి చేతిలో ఇసుక నిండిన పద్నాలుగు టైర్ల బండి.

నిజానికి ఈ సరుకుకు లారీవాళ్లతో పాత చుట్టరికమే. 1970లలో థాయ్‌లాండ్‌లో చలియో యూవిద్యా అనే వ్యాపారి తయారుచేసిన 'క్రాటింగ్ డేంగ్'ను అక్కడి డ్రైవర్లు, కూలీలు తాగేవారు. దాన్నే 1987లో ఆస్ట్రియాలో రెడ్ బుల్ పేరుతో అమ్మకానికి పెట్టారు. రెక్కలొస్తాయన్నారు. రాలేదని అమెరికాలో కొందరు కోర్టుకెక్కితే, తప్పేమీ ఒప్పుకోకుండానే 2014లో 1.3 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నారు. మనవాళ్లకు రెక్కల గొడవ లేదు. ట్రిప్పు పడితే చాలు.

ఇక గుండె సంగతి. ఎత్తిపోతల గురించి కాళేశ్వరానికి ఒకరు చెప్పాలా? గుండె కూడా అలాంటి పథకమే. నిమిషానికి ఇంచుమించు ఐదు లీటర్లు తోడిపోస్తుంది, రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. శిలాఫలకం లేదు, అంచనాల పెంపు లేదు, ఏ రకం కమిషనూ లేదు. 2022 జులై వరదలో కాళేశ్వరం ఎత్తిపోతల కన్నెపల్లి పంపుహౌస్ మునిగినా మోటార్లు విప్పి బాగుచేయించుకునే వీలుంది. లోపలిదానికి స్పేరు లేదు. ఇరవై రూపాయలు పోసి దాన్ని ఓవర్‌లోడ్‌లో నడిపిస్తున్నాం.

అమెరికాలో 34 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులకు గంటలోపు లీటరుకు కాస్త తక్కువగా ఈ పానీయాలు తాగించి చూశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. రక్తపోటు పెరిగింది. ఈసీజీలో క్యూటీ అనే విరామం సాగింది. ఆ విరామం మరీ సాగితే గుండె లయ తప్పుతుంది. కొందరికి పుట్టుకతోనే ఆ ఇబ్బంది ఉంటుంది, ఈసీజీ తీయించుకునేదాకా వాళ్లకే తెలియదు. అక్కడి మేయో క్లినిక్ వైద్యులు, అలాంటి జన్యు జబ్బులుండి గుండె ఆగి బతికి బయటపడ్డ 144 మంది వివరాలు చూస్తే, ఏడుగురు అంతకు కాస్త ముందే ఈ డ్రింకులు తాగినవాళ్లని తేలింది. కారణం ఇదేనని వాళ్లు తేల్చలేదు, జాగ్రత్త అన్నారు.

ఒక్క సీసాకే కుప్పకూలిపోతారని నేనూ అనను. మన ఆహార భద్రతా సంస్థ లీటరుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదంది. అంటే పావు లీటరు సీసాలో 75 లోపు, ఒక గట్టి ఫిల్టర్ కాఫీ అంత. కానీ కాఫీని ఊదుకుంటూ తాగుతాం. దీన్ని మే ఎండలో, ఖాళీ కడుపుతో, ఒంట్లో నీళ్లన్నీ చెమటై పోయాక గటగటా దించేస్తారు. సాయంత్రమైతే మందులో కలుపుతారు. ఎక్కినట్టు తెలియదు కాబట్టి ఇంకో పెగ్గుకు చోటు దొరుకుతుంది.

పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వద్దని, రోజుకు అర లీటరు మించొద్దని సీసా మీదే ఉంటుంది. ఉండటమంటే చీమ చదువుకునే సైజులో, అదీ ఇంగ్లిషులో. ఎనిమిదో తరగతి పిల్లాడొకడు చిల్లర గల్లాపెట్టె మీద పెట్టాడు. "పిల్లలకు ఇయ్యద్దట రా" అన్నాడు కొట్టాయన. "మా నాయినకే మామా" అన్నాడు వాడు, మూత తిప్పుతూ. లిథువేనియా 2014లోనే పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు అమ్మొద్దంది. పోలండ్ 2024 నుంచి అదే చేస్తోంది. ఇక్కడ చిల్లర సరిపోతే వయసు చాలినట్టే.

గుండె పట్టేసి పెద్దాసుపత్రికి పోవాలంటే, కాళేశ్వరం నుంచి జిల్లా కేంద్రం భూపాలపల్లికి సుమారు అరవై కిలోమీటర్లు, వరంగల్‌కు వంద పైమాటే. ఫ్రిజ్ అయితే పది అడుగులు. 2025 మే సరస్వతి పుష్కరాలకు జనం పోటెత్తారు. 2027లో గోదావరి పుష్కరాలు. వైద్య శిబిరం ఎక్కడ పెట్టాలా అని అధికారులు తలలు పట్టుకోనక్కర్లేదు, డ్రింకుల స్టాలు పక్కనే టెంటు వేస్తే సరి. స్పాన్సరు కూడా అక్కడే దొరుకుతాడు.