కిలోకు నాలుగున్నర

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు పనస దుంగను అతుకన్నది లేకుండా తొలిచి వీణ చేస్తారు. కుండా దండీ ఒకే మానులోవి. 24 మెట్లను నల్లటి మైనంలో కూర్చి, చెవొగ్గి వింటూ, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి శ్రుతికి తెస్తారు. ఇంత పనికీ ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇచ్చి సత్కరించింది. అలాంటి వీణను డల్లాస్‌లో ఉన్న కోడలికి పంపాలని పోస్టాఫీసుకు మోసుకెళితే కిటికీ వెనక నుంచి వచ్చే మొదటి ప్రశ్న: "ఎంత బరువండీ?"

గుమస్తాను తప్పు పట్టకండి. ప్రపంచమంతా అడిగేది అదే. బీమా లేని మామూలు పార్సెల్ విదేశానికి పోతూ మాయమైతే ఎంత ఇవ్వాలో బెర్న్‌లో కొలువున్న విశ్వ తపాలా సంఘం లెక్క కట్టి పెట్టింది. పార్సెల్‌కు 40 ఎస్‌డీఆర్లు, ఆపైన కిలోకు 4.50. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వారి లెక్కల నాణెం. ఏ సంతలోనూ చెల్లదు గానీ మన నష్టాన్ని కొలవడానికి పనికొస్తుంది. ఒక్కోటి 120 రూపాయలు వేసుకుంటే, ఎనిమిది కిలోల వీణకు తొమ్మిది వేల చిల్లర. అదీ గరిష్ఠం.

ఈ లెక్కలో అసలు అన్యాయమైపోయింది పొందూరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, వంద కౌంటు నూలు వడికే ఊరది. అక్కడి అమ్మలు తరతరాలుగా ఒంట్లో ఓపికంతా పోసి సాధించిందేమిటి? బరువు తగ్గించడం! ఐదు చీరలు కలిపి రెండు కిలోలు తూగితే పరిహారం 49 ఎస్‌డీఆర్లు. చీరకు పన్నెండొందలు కూడా పడదు. నూలు ఎంత సన్నమో, పరిహారమూ అంత సన్నం. బుడితి ఇత్తడి సామాను ఇరవై కిలోలు పంపినవాడు నయం, వాడికి 130 దాకా వస్తుంది. కాబట్టి పొందూరు చీరలు పంపేవారు మడతల మధ్య ఒక ఇటుకరాయి పెట్టుకోవడం శ్రేయస్కరం. తపాలా ఖర్చు పెరుగుతుందంటారా? పెరుగుతుంది. మన దగ్గర తీసుకునేదీ కిలోల లెక్కనే మరి.

బీమా చేయించుకోవచ్చుగా అంటారు. చేయించుకోవచ్చు, అవతలి దేశం బీమా పార్సెళ్లు పుచ్చుకుంటే. అక్కడ మొదలవుతుంది మన ప్రతాపం.

"ధర ఎంతని రాయమంటారు మావయ్యగారూ?"

"సుంకానికా బాబూ, బీమాకా?"

వస్తువు ఒకటే, ధరలు మూడు. కస్టమ్స్ కాగితంలో 'బహుమతి, వాడిన చీరలు, ఐదొందలు'. బీమా కాగితంలో యాభై వేలు. ఫోన్లో వియ్యపురాలికి లక్ష. విజయనగరం వీధుల్లో తిరిగిన గిరీశం ఈ ఫారం చూడలేదు గానీ, చూసుంటే ఇంకో రెండు గళ్లు అడిగేవాడు. రెండు కాగితాల్లోనూ ఒకే అంకె ఉండాలని గుమస్తా అన్నాడంటే మావయ్యగారు ఐదొందల వైపే మొగ్గుతారు. సరుకు పోవడం తర్వాతి మాట, సుంకం ఇప్పటి మాట. తీరా పార్సెల్ పోతే ఐదొందల చీరలకు ఐదొందలే కదా ఇచ్చేది! అప్పుడు "ఇదేటన్యాయం బాబూ" అని గొల్లుమంటారు.

ఈ విద్యకు అమెరికా 2025లో కొత్త పాఠం కలిపింది. 800 డాలర్ల లోపు సరుకుకు సుంకం లేదన్న సదుపాయాన్ని ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచే అక్కడికి చాలా రకాల పార్సెళ్లు ఆపేసి, నెలాఖరుకు అన్నీ ఆపి, అక్టోబర్ 15న మళ్లీ తీసుకోవడం మొదలెట్టింది. అప్పటి షరతు: రాసిన ధరలో సగం సుంకంగా ఇక్కడే కట్టేయాలి. నిజం రాసినవాడికి శిక్ష రొక్కంలో పడింది.

పోనీ, నిజమే రాశారు, బీమా కట్టారు, తెల్ల గుడ్డ చుట్టించి, దబ్బనంతో కుట్టించి, కుట్టు కుట్టుకూ లక్క ముద్ర వేయించారు అనుకుందాం. దారిలో ఎండకు మైనం కరిగి మెట్లు జారితే? అది వస్తువు స్వభావం, మా పూచీ లేదంటారు. కుండ పగిలితే ప్యాకింగ్ మీది. కోడలు పెట్టె పుచ్చుకుని మారు మాట్లాడకుండా సంతకం పెట్టిందా, కథ కంచికి. రావలసిన లాభం పోయిందన్నా, మనసు కష్టపడిందన్నా లెక్కలోకి రావు. ఆరా తీయడానికి ఆరు నెలలు గడువు. అది దాటితే పోయింది వీణ కాదు, మన హక్కు.

ఇక్కడి తపాలా చట్టం సంగతీ చూడండి. పోయినా, ఆలస్యమైనా, చెడిపోయినా, తాను ఒప్పుకున్న మేరకు తప్ప ప్రభుత్వానికి బాధ్యత లేదని 1898లో తెల్లదొరలు 6వ సెక్షన్‌లో రాసుకున్నారు. వలసకాలపు చట్టాన్ని వదిలించుకుంటున్నామని 2023లో కొత్తది చేశాం. బాధ్యత లేదన్న ఆ మాట ఇప్పుడు 10వ సెక్షన్‌లో ఉంది. నూట పాతికేళ్లు ప్రయాణం చేసి, ఒక్క గీతైనా పడకుండా, చిరునామాకు భద్రంగా చేరిన పార్సెల్ అదొక్కటే.