అంజూర తోటను ఎర్రనల్లికి అప్పజెప్పే పద్ధతి

కమలాపురం వైపు అంజూర పెట్టారా? మంచిపని చేశారు. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ ఉండదు. ఎర్రనల్లికి ఇంతకన్నా మంచి అత్తారిల్లు దొరకదు. సగం పని ఎండే చేసిపెడుతుంది.

1. ముందు రకం గురించి వాదించండి. పూనానా, దినకరా, డయానానా, బ్రౌన్ టర్కీనా? టీ అంగడి దగ్గర రెండు నెలలు గడపండి. నల్లికి పడని రకం లేదని ఎవడన్నా అంటే టీ డబ్బులు వాడితోనే ఇప్పించండి. రేపు తోట పోయినాక తిట్టడానికి ఒక రకం పేరు ఉండాల గదా!

2. ఊరికే ఇచ్చేవాడి దగ్గరే కొమ్మలు తెచ్చుకోండి. ఆకు మీద పసుపు మచ్చలుంటే మరీ మంచిది. అది మొజాయిక్ తెగులు. దాన్ని మోసుకొచ్చేది కంటికి ఆనని ఇంకో నల్లి. పెండ్లికూతురితో పాటు బంధువులూ దిగినట్టు.

3. ఆకు తిప్పి చూడొద్దు. నల్లి కాపురం అడుగునే. పైన తెల్లచుక్కలు పడితే "ఎండదెబ్బ" అనండి. ఆకు కంచురంగుకు తిరిగితే "నీళ్ళు చాల్లేదు" అనండి. గూడు అల్లితే "సాలీడు" అనండి. నల్లికీ ఎనిమిది కాళ్ళే, చుట్టరికం ఉంది కాబట్టి పూర్తి అబద్ధం కాదు. పిల్లోడి భూతద్దం దాచేయండి. ఈ ఎండల్లో గుడ్డు పెద్దనల్లి కావడానికి వారం పదిరోజులు చాలు. మీ బద్ధకం ఎన్ని వారాలో లెక్కేసుకోండి.

4. దారిపక్క వరుసకు దుమ్ము పట్టనివ్వండి. ఆకు అడుగున నీళ్ళు జోరుగా కొడితే నల్లి రాలిపోతుంది, ఆ తప్పు చేయొద్దు. "పాపాగ్ని ఏటిలోనే నీళ్ళు లేవు, ఆకులకు ఎక్కడివి?" అంటే ఎవరూ మాట్లాడరు.

5. సైపర్‌మెత్రిన్ కొట్టండి. నల్లిని తినే మిత్రనల్లినీ, అక్షింతల పురుగునూ ముందు ఊడ్చేస్తుంది. కావలి పోయిన చేనులో నల్లి ఇంకా ఎక్కువవుతుంది. అప్పుడు అదే మందు, మోతాదు పెంచి కొట్టండి. గంధకం కొట్టమని ఇంట్లో పోరుతుంటే మిట్టమధ్యాహ్నం కొట్టండి. ఆకు మాడుతుంది, నింద గంధకానికి పోతుంది.

6. చెట్ల నడుమ వంకాయ వేయండి. నల్లికి పొద్దున టిఫిను.

7. ఆకు రాలి కొయ్యలు మిగిలినాక, వాటినే జానెడు జానెడు ముక్కలుగా నరికి పక్క ఊరాయనకు "నల్లిని తట్టుకునే రకమన్నా" అని ఇవ్వండి. డబ్బులు మాత్రం తీసుకోండి. ఊరికే ఇస్తే అనుమానం వస్తుంది.